మా అత్త పోసిన రెండో నీళ్ళు

పోయిన నెలలో మా వెనకింటివాళ్ళ కోడలు ప్రసవించి దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. పసిదానికి తలారా నీళ్ళు పోయడం తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరని, ముసలిదాన్ని నేనున్నాను కదా అని నన్ను పిలిచారు. వెళ్ళేసరికి నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి, సీసాలో నురుగు సబ్బు, తుడిచి పారేసే తడి కాగితాలు అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అవన్నీ పక్కకు జరిపించి, చీర మోకాళ్ళ దాకా మడిచి, గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపి కూర్చున్నాను. ఈ మోకాళ్ళు ఇప్పుడు లేవడానికి మొరాయిస్తాయిగానీ పిల్లను కాళ్ళ మీద వేసుకోవడానికి ఇంకా ఒప్పుకుంటాయి. మొదటి చెంబు వీపు మీద పోశానో లేదో, ఆ చిన్న చేతి మీద నూగు మొత్తం నిక్కబొడుచుకుంది. నా చెంబు గాలిలోనే ఆగిపోయింది. బాలింత కంగారుపడి నీళ్ళు వేడిగా ఉన్నాయా అని అడిగితే ఏం లేదన్నాను కానీ, ఇంటికి వచ్చాక ఆ రోజంతా అన్నం సహించలేదు. సరిగ్గా అలాగే నూగు లేచిన చేతిని నేను యాభై ఏళ్ళ కిందట ఒకసారి చూశాను. అది పసిబిడ్డ చేయి కాదు.

ఇది నా ఈడు వాళ్ళకు చెబితే నమ్ముతారు. పిల్లలకు చెబితే అవ్వకు చాదస్తం అంటారు.

నేను సిర్గాపూర్‌కూ కల్హేర్‌కూ నడుమనున్న ఒక చిన్న ఊరికి చాకలివారి కోడలిగా వచ్చేనాటికి నాకు పందొమ్మిదేళ్ళు. మా పుట్టిల్లు సరిహద్దుకు ఆవల. నా మాటలో సగం కన్నడం దొర్లేది, రేవులో ఆడవాళ్ళు నా చేత మళ్ళీ మళ్ళీ మాట్లాడించి నవ్వుకునేవాళ్ళు. ఏడో తరగతి దాకా చదివిన కోడలని మా అత్తకు లోపల గర్వం ఉండేది, పైకి మాత్రం చదివిన చేతులకు బండ మీద బట్ట ఉతకడం ఎలా వస్తుందో చూస్తానన్నట్టు ఉండేది. ఆమె పొట్టి మనిషి. చేతులు మాత్రం మగవాడి చేతులంత వెడల్పు, నీళ్ళలో నాని నాని అరచేతులు తెల్లగా ముడతలు పడి ఉండేవి.

ఆ రోజుల్లో ఊరి సంగతులు మాకు ఎవరూ చెప్పనక్కరలేదు, మూటలే చెప్పేవి. ఏ ఇంట్లో పిల్ల పెద్దమనిషైందో, ఎవరికి పురుడు వచ్చిందో, ఎవరింట్లో చావు జరిగిందో మాకు బట్టలను బట్టే తెలిసేది. మైల బట్టలు ఇంటివాళ్ళు చేత్తో తాకరు, వాకిట్లో ఒక మూలన వేసి ఉంచుతారు, మేమే వెళ్ళి ఎత్తుకోవాలి. వాటిని మిగతా వాటితో కలపకుండా రేవులో దిగువన ఉన్న బండ మీద ఉతికి, చౌడు మట్టిలో నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండలో ఆరేసి తెచ్చిస్తే గానీ ఆ ఇంటికి శుద్ధి కాదు. మేం ముట్టుకుంటే మైల అనే ఇళ్ళే, మేం ముట్టుకుంటే తప్ప మైల పోదని కూడా అనేవి. దీనిలోని వింత అప్పట్లో నాకు తట్టలేదు. చాలా ఏళ్ళకు తట్టింది, అప్పటికి కోపం తెచ్చుకునే వయసు దాటిపోయింది.

బట్టలే కాక మా అత్తకు ఇంకో రెండు పనులుండేవి. ఊళ్ళో ఆడవాళ్ళకు పురుడు పోసేది ఆమే, ఆడవాళ్ళు పోతే చివరిసారి నీళ్ళు పోసేదీ ఆమే. ఈ రెండు పనులకూ ఆమె ఒకటే చెంబు వాడేది. నాకది మొదట్లో భయం వేసేది. ఇంకో చెంబు తీసుకుందామత్తా అంటే వినేది కాదు. నీళ్ళకు తెలుసా ఇది రావడమో పోవడమో అనేది. శవానికి నీళ్ళు పోసేముందు ఆమె చెవి దగ్గర వంగి, నీళ్ళు పోస్తున్నాను బిడ్డా అని చెప్పి మరీ పోసేది. బతికున్నవాళ్ళ మీద చెప్పకుండా నీళ్ళు పోస్తే ఉలిక్కిపడరా, వీళ్ళూ అంతేనని ఆమె లెక్క.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు శ్రావణంలో, కాపోళ్ళ ఇంటి చిన్న కోడలికి విషజ్వరం తగిలింది. ఆమెకు నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. సన్నగా, చామనఛాయగా, ఎప్పుడూ ఏదో పని మీద పరుగెత్తుతున్నట్టు నడిచేది. అయిదేళ్ళ కూతురు ఒక్కతే సంతానం. బట్టల మూట ఇచ్చేటప్పుడు అందరిలా దూరం నుంచి విసరకుండా కింద పెట్టి, పిల్లా తిన్నవా అని అడిగే ఇల్లాలు ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. అందుకే ఆమె జ్వరం సంగతి విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

తొమ్మిది రోజులు మంచం దిగలేదు. పదో రోజు పొద్దున ఊపిరి అందడం లేదని పక్కూరి నాటువైద్యుణ్ణి పిలిపించారు. ఆయన నాడి పట్టి చూసి, ముక్కు దగ్గర దూది పెట్టి చూసి, అది కదలలేదని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. ఆమె పుట్టింటివాళ్ళు మంజీర అవతల. నది నిండుగా పారుతోంది, కబురు పోయినా వాళ్ళు రాలేరు. ఆకాశం చూస్తే మళ్ళీ ముసురు పట్టేలా ఉంది. కట్టెలు తడవకముందే కానిచ్చేయాలని పెద్దలు తొందరపెట్టారు. మిట్టమధ్యాహ్నానికే గడప బయట పాడె కట్టడం అయిపోయింది, డప్పు మోగుతోంది, ఆమె పెనిమిటి తలస్నానం చేసి తడి పంచెతో నిప్పుల కుండ చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

వాకిట్లో ఒక వారగా నలుగురు ఆడవాళ్ళు రెండు చీరలు తెరలా పట్టుకున్నారు. లోపల మా అత్త, నేను, ఆమె. పీట మీద కూర్చోబెట్టి, వెనక నుంచి చంకల కింద చేతులు వేసి నేను పట్టుకున్నాను. తల నా భుజం మీదకు వాలింది. ముత్తైదువ చావు కాబట్టి ముఖం నిండా పసుపు రాసి ఉంది. మా అత్త కాగులోంచి గోరువెచ్చని నీళ్ళు ముంచి, ఎప్పటిలాగే చెవి దగ్గర వంగింది.

"నీళ్ళు పోస్తున్న బిడ్డా. భయపడకు."

మొదటి చెంబు కుడి భుజం మీద. రెండోది ఎడమ భుజం మీద. మూడోది నడినెత్తిన. ఆ మూడో చెంబు నీళ్ళు ఎడమ చేతి మీదుగా జారి కిందికి పోతుండగా, ఆ దారి వెంట మణికట్టు నుంచి మోచేతి దాకా నూగు మెల్లగా పైకి లేచింది. నేను అటే చూస్తున్నాను. గాలి అనుకున్నాను. గాలి లేదు. పట్టుకున్న చీరలు కూడా కదలడం లేదు. అరవబోయి ఆపుకున్నాను. మా అత్త నాలుగో చెంబు ముంచుతుంటే ఒక చేయి విడిపించుకుని అత్త మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, నా చూపు ఎటుందో అటు చూసింది. చప్పుడు కాకుండా చెంబు కింద పెట్టింది. చంక కింద అరచేయి పెట్టి అలాగే చాలాసేపు ఉంచింది.

"పిల్లా, ఒర్రకు," అన్నది నెమ్మదిగా. "గీమె ఇంకా పోలె."

తన పైట తీసి ఆమెకు చుట్టింది. వదలకుండా పట్టుకొమ్మని నాకు చెప్పి, కాగు కింది పొయ్యిలోని వెచ్చని బూడిద తీసి అరికాళ్ళకూ గుండెల మీదా తానే రుద్దసాగింది. తెర బయట డప్పు మోగుతూనే ఉంది. ఇంకా అయిందా లేదా అని ఎవరో మగమనిషి కేకేశాడు.  మా అత్త చెమటలు కారుతూ రుద్దుతూనే ఉంది. ఇక లాభం లేదని నేననుకునే వేళకు, నా భుజం మీద వాలి ఉన్న ఆ తల కొద్దిగా కదిలి, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గు వచ్చింది.

తెర పట్టుకున్న ఆడవాళ్ళు చీరలు వదిలేసి పారిపోయారు. చీరలు జారిపడేసరికి వాకిలంతా మమ్మల్ని చూసింది. డప్పు ఆగిపోయింది.  ఆమె కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, పసుపు నీళ్ళు ముఖం మీదుగా కారుతున్నాయి. బతికి వస్తే ఇంటివాళ్ళు సంతోషంతో పరుగెత్తుకుని వస్తారని నేననుకున్నాను. ఒక్కరూ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. పెనిమిటి నిప్పుల కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎత్తిన కుండను కింద ఎక్కడ పెట్టాలో అతనికి చెప్పేవాళ్ళే లేరు. చివరికి నిప్పులు చల్లారాక ఊరి చివర వాగులో వదిలివచ్చాడని తర్వాత విన్నాను.

అప్పుడు గడపలో నిలబడి ఉన్న ఆమె అత్త, ఆ ఇంటి పెద్దామె, నోరు విప్పింది.

"గది మా కోడలు గాదు. మా కోడలు పొద్దుగాల్నే సచ్చిపోయింది. గిది ఏందో సొచ్చి లేసింది. దీన్ని నా గడప లోపటికి తేకుండ్రి."

తప్పంతా ఆ పెద్దామె మీద వేయడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. ఆమె భయం నిజమైన భయం. కాళ్ళు ముందుగా గడప దాటించిన మనిషి మళ్ళీ అదే గడప ఎక్కితే ఇల్లు నిలవదని ఆమె పెరిగిన లోకం ఆమెకు నేర్పింది. పౌరోహిత్యం చేసే అయ్యగారిని పిలిపిస్తే ఆయన దూరంగా నిలబడి, కుండ ఎత్తాక వెనక్కి వచ్చినవాళ్ళకు చేసే విధి తనకు తెలియదని, పెద్దలను అడిగి చెబుతానని అన్నాడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆమెను పశువుల కొట్టంలో ఉంచారు. చావలేదు కాబట్టి కాల్చలేరు, బతికిందని ఒప్పుకోరు కాబట్టి ఇంట్లోకి రానివ్వరు. గంజి కాచి తీసుకుపోయేది మేమే, ఒళ్ళు తుడిచేది మేమే. జ్వరం మెల్లగా దిగింది కానీ ఆమె మాట్లాడేది కాదు, ఏడ్చేది కాదు. ఎద్దులు కూడా ఆమె ఉన్న వైపు నిలబడేవి కావు, తాడు సాగినంత దూరం అవతలకు జరిగి నిలబడేవి. జ్వరం వాసనకేమో అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

మూడోనాడు ఒక పని జరిగింది. పోయినవాళ్ళకు మూడోనాడు అన్నం వండి ఆకులో పెట్టి కాకుల కోసం ఎదురుచూడడం మా వైపు ఆచారం. పెద్దామె ఆ రోజు కోడలి పేరున అన్నం వండించి, కొట్టానికి ఎదురుగా ఉన్న గోడ మీదనే పెట్టించింది. సాధారణంగా కాకులు తొందరగా రావు, బతిమాలాలి, మొక్కాలి. ఆ రోజు ఆకు పెట్టిన చేయి వెనక్కి తీసుకోకముందే గుంపుగా వచ్చి వాలాయి. గంజి గిన్నెతో నేను వెళ్ళేసరికి ఆమె కొట్టం గుంజకు ఆనుకొని అదే చూస్తోంది. లేచిన తర్వాత ఆమె అన్న మొదటి మాట అప్పుడే విన్నాను.

"పిల్లా, నాకు పెట్టిన బువ్వ తింటున్నయి సూడు. నేను నిజంగనే పోయిన్నేమో."

 గిన్నె చేతిలో పెట్టి, తినమ్మా అన్నాను. కొద్దిగా తిన్నది.

కూతుర్ని చూస్తే కోలుకుంటుందని నా పిచ్చి ఆశ. ఆరో రోజు ఎవరూ చూడకుండా ఆ పాపను వేలు పట్టుకుని కొట్టం దాకా తీసుకుపోయాను. తల్లి చేతులు చాచింది. పాప నా కాళ్ళను చుట్టుకుని, ముఖం నా కుచ్చిళ్ళలో దాచుకుని, "గామె అమ్మ గాదంట. అవ్వ చెప్పింది. అమ్మను దేవుడు తీస్కపోయిండంట," అని పెద్దగా ఏడ్చి పరుగెత్తింది. చాచిన చేతులు అలాగే కాసేపు ఉండి, తర్వాత ఒడిలోకి దిగిపోయాయి. ఆ పూట నుంచి ఆమె గంజి ముట్టలేదు. నోరు తెరిపించి పోసినా పెదవుల నుంచి కారిపోయేది. చేతులు చల్లబడసాగాయి. నేను చేసిన పనికి నన్ను నేను తిట్టుకుంటూ మా అత్తకు అంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మరునాడు ఎవరికీ చెప్పకుండా బోరంచకు నడిచిపోయి, నల్లపోచమ్మకు మొక్కి, అమ్మవారి పసుపు కొంగున ముడివేసుకుని తిరిగి వచ్చింది. రాగానే నాతో, కాగు కడుగు పిల్లా, రేపు పురుటి నీళ్ళు పొయ్యాలన్నది. ఊళ్ళో ఎవరు నెలలు నిండి ఉన్నారా అని నేను ఆలోచించాను. ఎవరూ లేరు.

మా ఇంటాయన భయపడ్డాడు. కాపోళ్ళు కోపగిస్తే ఊరు మనల్ని వెళ్ళగొడుతుంది, ఈ పరేషాన్ మనకెందుకని అమ్మను బతిమాలాడు. ఆమె విన్నట్టే కనిపించలేదు.

మరునాడు ఆదివారం, ఎండ నడినెత్తిన ఉండగా, మేమిద్దరం ఆమెను చెరో రెక్కా పట్టుకుని కొట్టంలోంచి ఇంటి వాకిట్లోకి తెచ్చాం. కాగు కింద మంట పెట్టాను. గోడల మీద, అరుగుల మీద జనం చేరారు. తెర కట్టడానికి ఎవరూ రాలేదు. మా అత్త తన రెండు పాత చీరలను గుంజలకు కట్టి పక్కలకు మరుగు చేసి, గడప వైపు మాత్రం తెరిచి ఉంచింది. చీర మోకాళ్ళకు మడిచి నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, ఆ ఎదిగిన మనిషిని, ఒక బిడ్డ తల్లిని, తన కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ మిగలని మనిషి కాబట్టి ఆ ముసలి కాళ్ళు మోశాయి. తల మీద నూనె పెట్టి మాడు అద్దింది. ముఖం పక్కకు తిప్పి ముక్కు సాగదీసింది, చెవులు నిమిరింది, శనగపిండితో వీపు, చేతులు, కాళ్ళు నలిచింది. పసిబిడ్డకు చేసే పని ఒక్కటీ వదలలేదు. నడుముకు దారం చుట్టి, దాన్ని కొడవలితో కోసి, బొడ్డు కోసినట్టు అవతల పారేసింది. అమ్మవారి పసుపు నుదుట పెట్టింది. ఆ తర్వాత గడపలో నిలబడ్డ పెద్దామెకు వినిపించేలా గొంతెత్తింది.

"సచ్చినోళ్ళకు ఈ ఊర్ల నీళ్ళు పోసేది నేనే, పుట్టినోళ్ళకు పోసేది నేనే. మీ కోడలు సచ్చింది, నేనే నీళ్ళు పోసిన, నిజమే. ఇగ మీ ఇంట్ల బిడ్డ పుట్టింది, గీ నీళ్ళు గూడ నేనే పోస్తున్న. కాదనెటోళ్ళు పోచమ్మ ముందట కాదనుండ్రి."

 నేను నీళ్ళు అందిస్తున్నాను, ఆమె పోస్తోంది. కాళ్ళ మీది మనిషి మాత్రం కట్టెలా పడి ఉంది. మా అత్త ముఖంలో మొదటిసారి భయం చూశాను. పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏం చేస్తారో అదే చేసింది. రెండు పాదాలూ ఒక చేత్తో పట్టి అరికాళ్ళ మీద చరిచింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి చరిచేసరికి ఆమె ఏడ్చింది. అది పెద్దవాళ్ళ ఏడుపు కాదు. మాటలు లేని, ఊపిరి పట్టి పట్టి వచ్చే సన్నని ఏడుపు. అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.  ఆ గొంతు ఆమెది కాదు. ఎవరిదో నాకు తెలియదు.

ఆ ఏడుపు విని భయపడి పారిపోవాల్సిన పాప, గడప దిగి మెల్లగా వచ్చింది. బిడ్డలకు నీళ్ళు పోసేటప్పుడు పక్కన చేరి, నేనూ పోస్తానని మారాం చేయడం ప్రతి పిల్లకూ అలవాటే కదా. వచ్చి కాగు దగ్గర నిలబడి, మా అత్తను చూసి, "నేను గూడ పోస్త," అన్నది. మా అత్త చెంబు ఇచ్చింది. ఆ చిన్న చేతులు సగం నీళ్ళు ఒలకబోసి, సగం తల్లి వీపు మీద పోశాయి. పోసి, అలవాటు ప్రకారం, "ఏడ్వకు, ఏడ్వకు, అయిపోయింది," అని వీపు తట్టింది. అంతే, ఆమె పాప చేయి పట్టుకుంది. ఈసారి వచ్చిన ఏడుపు మాత్రం ఆమెదే.

 పెద్దామె లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంటుందనుకున్నాం. తాను కట్టి కట్టి మెత్తబడిన పాత చీర ఒకటి చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. పుట్టిన బిడ్డకు మొదట కప్పేది కొత్త బట్ట కాదు, ఇంటి పెద్దల పాత బట్ట. దాన్ని తెచ్చి కోడలి మీద కప్పింది.  పసిబిడ్డ నడిచి ఇంట్లోకి రాదు కాబట్టి కొడుకును పిలిచి ఎత్తుకొమ్మన్నది. అతను ఆమెను చేతుల మీద ఎత్తుకుని గడప దాటాడు. ఇరవై ఒకటోనాడు పేరు కూడా పెట్టారు, కొత్త పేరు. పాత పేరుతో మళ్ళీ ఎవరూ పిలవకూడదని మా అత్త కట్టడి చేసింది. అందుకే నేనూ ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

అక్కడితో అంతా సుఖంగా ముగిసిందని చెబితే అబద్ధం అవుతుంది. నది వరద తీశాక ఆమె కన్నతల్లి ఏడుస్తూ వచ్చింది. వాకిట్లోంచే పాత పేరు పెట్టి పిలిచింది. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. మళ్ళీ పిలిచింది. ఎత్తలేదు. తల్లి వెళ్ళి గడ్డం పట్టుకుంటే అప్పుడు గుర్తుపట్టి కావలించుకుంది. వినపడలేదా అమ్మా అని నేను తర్వాత అడిగాను. వినపడింది పిల్లా, నా వెనక నిలబడ్డ ఇంకెవరినో పిలుస్తున్నట్టు అనిపించింది అన్నది. మామూలుగా చెప్పింది. నేను మాత్రం ఆమె వెనక్కి చూడకుండా ఉండలేకపోయాను.

ఇంకో రెండేళ్ళకు, ఎండాకాలం, రేవులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఆమె బట్టలు తానే తెచ్చుకుని వచ్చింది. అప్పటికి ఆమె కాపోళ్ళ కోడలినన్న పట్టింపు వదిలేసి మా పక్కన బండ మీద కూర్చునేది. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఆ రోజు మీ అత్త నాకు ఎన్ని చెంబులు పోసిందని అడిగింది. మూడు అన్నాను, నాలుగోది నేనే ఆపాను కాబట్టి నాకు బాగా గుర్తు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయిదు. మూడు ఉడుకునీళ్ళు, ఆటి ఎనక రెండు సల్లటియి. బాయి అడుగు నీళ్ళంత సల్లగ. ఆ రెండు పోసినంక నాకు మంచిగనిపించింది, కండ్లు తెరిసిన. గా రెండు ఎవలు పోసిన్రు పిల్లా?"

వాకిట్లో ఆ రోజు చల్లనీళ్ళే లేవు. ఉన్నది ఒక్క కాగు, దాని కింద మంట. ఇంటికి వచ్చి మా అత్తకు చెబితే ఆమె చేతిలో పని ఆపేసింది. ఎవరు అడిగినా ఆ మాట మళ్ళీ ఎత్తొద్దన్నది.

ఊరు ఆమెతో వింతగా ఉండేది. పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు, పసుపు దంచేటప్పుడు రోకలి పట్టనిచ్చేవాళ్ళు కాదు. కానీ ఎవరి బిడ్డ అయినా పుట్టి సరిగా ఊపిరి తీయకపోతే మాత్రం ఆమె ఇంటికే పరుగెత్తేవాళ్ళు, ఆమె చేత ఒక చెంబు పోయించుకుంటే నిలుస్తుందని. ఆమె ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా వెళ్ళేది. కొందరు బిడ్డలు నిలిచారు, కొందరు నిలవలేదు. కూతురు మాత్రం పెళ్ళయ్యేదాకా తల్లి కొంగు వదల్లేదు.

మా అత్త పోయిన రోజు అంతకుముందు ఎవరూ చూడనిది జరిగింది. ఊరందరికీ నీళ్ళు పోసిన మనిషికి నీళ్ళు పోయడానికి నేను కొంగు బిగించుకుంటుంటే, కాపోళ్ళ చిన్న కోడలు మా గుడిసె ముందు తెర లోపలికి వచ్చింది. కాపోళ్ళ ఆడమనిషి చాకలి ఇంటి శవాన్ని ముట్టడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. బయట గుసగుసలు. "నాకు పురుడు పోసిన తల్లి. బిడ్డను నేను పొయ్యక ఎవలు పోస్తరు?" అని నా చేతిలోంచి చెంబు తీసుకుంది. వంగి చెవిలో చెప్పింది. మూడు చెంబులు పోసింది. తర్వాత బయటికి వెళ్ళి, బావిలోంచి తానే చేది, రెండు చల్లని చెంబులు పోసింది. పోసి, మా అత్త చేయి పట్టుకుని, దాని వైపే చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేనూ చూశాను. ఏమీ కాలేదు. మా అత్తదంత ప్రశాంతమైన ముఖం నేను మరెవరిదీ చూడలేదు.

తర్వాత మేం రేవు వదిలి ఖేడ్ టౌనుకు వచ్చేశాం. నేను ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. ఆమె అప్పుడప్పుడు సంతకు వచ్చినప్పుడు మా ఇంట్లో చాయ్ తాగి పోయేది. అంటురోగం లోకాన్ని పట్టి కుదిపిన రోజుల్లో ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయారు, అక్కడే పోయింది. ఇంటికి ఇవ్వలేదు. జిప్పు వేసిన సంచీలో పెట్టి, మందు చల్లి, తొడుగులు వేసుకున్న నలుగురు తీసుకుపోతుంటే కూతురు దూరంగా తాడు అవతల నిలబడి చూసిందట. అది చెప్పడానికి నాకు ఫోను చేసి, చిన్నమ్మా, అమ్మకు నీళ్ళు పోయలేదు అని ఒక్క మాటే పదే పదే అన్నది. మీ అమ్మకు ఆ నీళ్ళు ఎప్పుడో పోశారు బిడ్డా అని చెప్పాను. నాకు తోచిన ఓదార్పు అంతే.

ఇప్పుడు పుట్టుక దవాఖానలో, చావు దవాఖానలో. మైల మూటలు లేవు. బండ ఉన్న రేవులో తుమ్మలు మొలిచాయి, ఇంటింటికీ బట్టలుతికే మిషన్లు వచ్చాయి. ఇవి పోవడం మంచిదే, ఆ మూటలు మోసిన దానిగా నేనే చెబుతున్నాను. మా కాలంలో చచ్చిన బాలింతలు, నిలవని బిడ్డలు ఎంతమందో నాకు తెలుసు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరను. ఒక్కటే లోటుగా తోస్తుంది. మనుషులు ఇప్పుడు ఎంతో శుభ్రంగా వస్తున్నారు, అంతకంటే శుభ్రంగా పోతున్నారు. కానీ నీళ్ళు పోస్తున్నాను బిడ్డా, భయపడకు అని వాళ్ళ చెవిలో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ కనబడడం లేదు.